ఆరు గోల్ఫ్ కర్రలకు మడత సంచి: ఇంట్లో కుట్టుకోవడం ఎలా?

నెల్లూరులో "ఆదివారం క్లబ్బులు తీసుకుని వెళ్తున్నాను" అంటే పేకాట సంగతేదో చెబుతున్నానని అనుకుంటారు. అందుకే గోల్ఫ్ క్లబ్బును ఇక్కడ కర్ర అనే అంటాను. మా బావగారు దుబాయ్ నుంచి తిరిగి వచ్చేస్తూ తన పాత కర్రలన్నీ నాకు ఇచ్చేశారు. వాటితో పాటు పెద్ద సంచీ వచ్చింది. పద్నాలుగు అరలు, ఏడు జేబులు, నిలబెట్టడానికి రెండు కాళ్లు, వానకు టోపీ. ఖాళీగా తూచినా నాలుగు కిలోలు. మూడేళ్లు మా హాల్లో ఫ్రిజ్ పక్కన నిలబడింది. చూడవచ్చినవాళ్లు దాన్ని గొడుగులు పెట్టేదనుకున్నారు. ఒకాయన నిజంగానే తన గొడుగు అందులో పెట్టి మరచిపోయారు.

నేను చెన్నై వెళ్లినప్పుడు నెలకో, రెండు నెలలకో ఒకసారి ఆడతాను. మిగతా ఆదివారాలు మిత్రుడి కోత అయిపోయిన చేలో చిన్న చిన్న దెబ్బలు సాధన చేస్తాను. ఈ మాత్రానికి ఆ ఏనుగు అంబారీ ఎందుకనిపించి, చిన్న సంచి కుట్టుకున్నాను. బరువు 420 గ్రాములు, మా వీధి కిరాణా కొట్టు కాటా మీద తూచిన లెక్క. మడిస్తే టిఫిన్ క్యారియర్‌లో ఒక గిన్నెంత అవుతుంది. "సంచి మడుస్తారు సరే, కర్రలను ఎలా మడుస్తారండీ?" అని మా ఆవిడ అడిగింది. మంచి ప్రశ్నే. కర్రలను పాత దుప్పటిలో చుట్టి మంచం కింద పడుకోబెట్టవచ్చు. ఇంట్లో చోటు తినేది కర్రలు కాదు, వాటి సంచి.

ముందు కర్రలు ఎంచుకోండి. సంచి కొలత వాటిని బట్టే ఉంటుంది. ఆట నియమాల ప్రకారం ఒక రౌండుకు 14 కర్రలకు మించి తీసుకెళ్లకూడదు. తక్కువ తీసుకెళ్తే అడిగేవారు లేరు. అసలు ఆ పద్నాలుగు పరిమితి కూడా అమెరికాలో 1938లోనే వచ్చింది. అంతకుముందు 1916లో చిక్ ఎవాన్స్ అనే ఆటగాడు అమెరికా ఓపెన్ పోటీని ఏడే కర్రలతో గెలిచాడు. మనకు ఆరు చాలు: దూరపు దెబ్బకు ఒక వుడ్డు, తర్వాత 5, 7, 9 నంబర్ల ఐరన్లు, ఇసుకలోంచి లేపడానికి ఒక వెడ్జి, చివరికి బంతిని గుంటలోకి దొర్లించడానికి పట్టర్. డ్రైవర్ అనే పొడుగు కర్ర కావాలనుకుంటే వుడ్డు బదులు పెట్టుకోండి. ఏడోది పట్టదని కాదు. ఏడోది పెడితే ఎనిమిదోది కూడా రమ్మంటుంది.

ఇప్పుడు టేపు తీయండి. ఆరింటిలో పొట్టి కర్రను నేల మీద పెట్టి, చేత్తో పట్టుకునే పట్టు చివర నుంచి ఇనుప తల మొదలయ్యే మెడ వరకు కొలవండి. సంచి లోతు దానికి మించకూడదు. మించితే వెడ్జి తల సంచిలో మునిగిపోతుంది, తీయబోయిన ప్రతిసారీ చేయి లోపలికి పెట్టి వెతుక్కోవాలి. నా వెడ్జి మొత్తం పొడవు 35 అంగుళాలు, తల తీసేస్తే 32. అంటే 81 సెంటీమీటర్లు. కింది లెక్కలన్నీ ఈ 81 మీదే చెబుతాను. మీ కొలత వేరైతే పొడవులు ఆ మేరకు మార్చుకోండి, వెడల్పు మార్చనక్కర్లేదు.

మూతి వెడల్పు విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. పట్టు లావుగా ఉండే చోట దాదాపు 27 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకదాని చుట్టూ ఆరు చొప్పున ఏడు పట్టులను గుత్తిగా పట్టుకుంటే, ఆ గుత్తి అడ్డం కొలత మూడు పట్టులంత, అంటే 81 మిల్లీమీటర్లు. ఇళ్లలో మురుగునీటికి వేసే నాలుగంగుళాల పీవీసీ పైపు బయటి కొలత 110 మిల్లీమీటర్లు. ఆరు కర్రలకు అది ధారాళంగా సరిపోతుంది. కొత్తగా ఇల్లు కడుతున్న చోట ప్లంబర్‌ను అడిగితే జానెడు ముక్క ఊరికే ఇస్తాడు. దాంట్లో నుంచి 4 సెంటీమీటర్ల వెడల్పున ఒక చక్రం హాక్సా బ్లేడుతో కోసుకోండి. అంచులను ఉప్పుకాగితంతో బాగా రుద్దండి. ఇది సంచికి మూతి.

గుడ్డ దగ్గర నేను రెండుసార్లు దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా వైపు రొయ్యల చెరువుల దగ్గర మేత సంచులు కుప్పలుగా దొరుకుతాయి. తేలిక, గట్టి, పైగా ఉచితం. మొదటి సంచి దానితోనే కుట్టాను. ఒక్క ఎండాకాలంలో పొడిపొడిగా రాలిపోయింది. ఆ అల్లికలో ఉండే పాలీప్రొపిలీన్ ఎండకు పెళుసెక్కిపోతుంది. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, మేత సంచి ఎంత! రెండోసారి రెగ్జిన్ తీసుకున్నాను. చూడ్డానికి బాగుంది కానీ బరువు, పైగా మడిచిన గీతల దగ్గరే పైపొర లేచిపోయింది. మడత సంచికి మడతలో ఓడిపోయే గుడ్డ పనికిరాదు కదా. టార్పాలిన్ పట్టాకూ ఇదే జబ్బు, దానికి తోడు నడుస్తుంటే గరగరమని చప్పుడు. ఒంగోలులో ఉన్న మా స్నేహితుడు కాన్వాసుతో కుట్టుకున్నాడు. అది దృఢమైనదే, వానలో తడిస్తే మాత్రం ఒక పట్టాన ఆరదు. మనకు పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా ఎండ చల్లబడి ఆడాలనిపించే రోజులవే.

కాబట్టి స్కూలు బ్యాగులు కుట్టే నైలాన్ గుడ్డ తీసుకోండి. లోపలి వైపు నీరు దిగకుండా పూత ఉన్నది అడగండి. 420 డెనియర్ చాలు. డెనియర్ అంటే 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. పెరిగే కొద్దీ పోగు లావు, గుడ్డ బరువు. ఒక మీటరు కొంటే సంచి పోను బంతుల జేబుకు, పొరపాట్లకు కూడా మిగులుతుంది. దానితో పాటు ఒకటిన్నర అంగుళాల నైలాన్ నవారు రెండుంపావు మీటర్లు, అదే వెడల్పు డీ రింగులు రెండు, పట్టీ పొడవు సర్దుకునే బకిల్ ఒకటి కావాలి. రింగులు ఇత్తడివో ప్లాస్టిక్‌వో తీసుకోండి. తెల్లగా మెరిసే ఇనుప రింగులు మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి గుడ్డ మీద మరకలు చేస్తాయి. దారం నైలాన్‌దో పాలిస్టర్‌దో ఉండాలి, చొక్కాలు కుట్టే నూలు దారం వద్దు.

సంచి నిటారుగా ఉండాలంటే ఒక వెన్నెముక కావాలి. దాన్ని లాగేస్తే సంచి కూలిపోవాలి, పెడితే బిగుసుకోవాలి. సరుగుడు కర్ర పందిరికి పనికొస్తుంది, దీనికి బరువు. వెదురు బద్ద పెట్టి చూశాను. ఆరు నెలలకు పుచ్చి, తెల్లటి పొడి రాలింది. చివరికి కుదిరింది కరెంటు వైరింగుకు గోడలో వేసే 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు. దళసరి రకం అడగండి, పల్చటిది ఎండకు వంగిపోతుంది. దాన్ని కలిపే కప్లర్ కూడా ఒకటి తీసుకోండి.

ఇక గుడ్డ కత్తిరించండి. సంచి ఒళ్లు, అంటే గుడ్డ గొట్టానికి 39 సెంటీమీటర్ల వెడల్పు, 88 పొడవు. ఆ 88లో 81 సంచి లోతు, ఐదున్నర మూతి దగ్గర లోపలికి మడవడానికి, అడుగు భాగం కుట్టుకు ఒకటిన్నర. వెన్నెముక తొడుగుకు ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పున 90 పొడవు పట్టీ. అడుగుకు పదమూడున్నర అడ్డం కొలత ఉన్న గుండ్రటి ముక్క. జేబుకు 18, 22 కొలతల ముక్క. నైలాన్ అంచు పీచులు లేస్తుంది, కత్తిరించిన వెంటనే వెలిగించిన కొవ్వొత్తి పక్కనుంచి అంచును చకచకా లాగితే కరిగి అతుక్కుంటుంది. మంటలో పెట్టకండి, మంట పక్కన చాలు. కిటికీ తీసి ఉంచండి, ఆ వాసన మంచిది కాదు.

కుట్టే వరుస తప్పితే తర్వాత ఏడవాలి. గొట్టాన్ని చివరికి మూయాలి, దాని మీద ఉండాల్సినవన్నీ గుడ్డ పరచి ఉన్నప్పుడే కుట్టేయాలి. ఇంటి కుట్టుమిషను మీద 18 నంబరు సూదితో, కుట్టు పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు పెట్టి, ఈ గుడ్డను నిదానంగా కుట్టవచ్చు. నవారు మీద నవారు పడే చోట మాత్రం ఇంటి మిషను మొరాయిస్తుంది. ఆ నాలుగు కుట్లకు కారు సీట్ల కవర్లు కుట్టే షాపుకు వెళ్లండి. నేను వెళ్లినప్పుడు ఆ భాయ్ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తుపాకీకా సార్?" అని మెల్లగా అడిగాడు. గోల్ఫ్‌కు అని చెబితే కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు.

మొదట తొడుగు పట్టీ. రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు లోపలికి మడిచి, గుడ్డకు సరిగ్గా నడుమ నిలువుగా పరచి, రెండంచులూ కుట్టండి. పై కొస మూతి మడత గీత దగ్గర మూసెయ్యండి. కింది కొస తెరిచి ఉంచి, ఎనిమిది సెంటీమీటర్లు తోకలా వదలండి. ఆ తోకకు రెండు పక్కలా చెరో బొందు కుట్టండి. పైపు దూర్చాక తోకను దాని కొస మీదుగా పైకి మడిచి బొందు ముడి వేస్తే పైపు జారదు. ఇక్కడ వెల్‌క్రో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. సముద్రం ఒడ్డున ఒక్కసారి నేల మీద పెట్టి చూడండి, ఇసుక పట్టి ఇక అది దేనినీ పట్టుకోదు.

తర్వాత నవారు. ఇదే ఈ సంచికి ప్రాణం. నా మొదటి సంచికి రింగులు అడుగు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 60 దగ్గర ఒకటి పెట్టాను. చూడ్డానికి చక్కగా ఉంది. చేలో గట్టు దాటడానికి వంగానో లేదో, సంచి తలకిందులై ఆరు కర్రలూ కాలవలో పడ్డాయి. కారణం ఆలోచిస్తే తేలికే. గోల్ఫ్ కర్రకు బరువంతా తలలోనే ఉంటుంది. మధ్యలో వేలి మీద నిలబెట్టబోతే నిలవదు, తల వైపు మూడొంతుల దూరం జరిపితే గానీ తూగదు. కర్రలు పెట్టిన సంచికి కూడా తూకం మూతికి దగ్గరలోనే కుదురుతుంది. నా సంచికి అడుగు నుంచి 68 సెంటీమీటర్ల దగ్గర. రెండు రింగులూ ఆ బిందువుకు చెరోవైపు ఉండాలి. నేను పెట్టినవి రెండూ దాని కిందే ఉన్నాయి, మరి తలకిందులు కాక ఏమవుతుంది?

మీ కర్రలతో మీరే చూసుకోండి. ఆరింటినీ పట్టు కొసలు ఒకే వరుసలో ఉండేలా తాడుతో కట్టి, అప్పడాల కర్ర మీద అడ్డంగా పెట్టి ముందుకు వెనక్కు జరపండి. అది తూగిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. పై నవారు ఆ గుర్తుకు పైన, మూతి కుట్టుకు ఆనుకుని రావాలి. కిందిది సంచి నడుమ, అడుగు నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర.

నవారును చిన్న ముక్కగా కాకుండా గుడ్డ వెడల్పంతా నడికట్టులా వేయండి. అప్పుడు బరువు ఒకే చోట గుడ్డను చించదు, గొట్టం చుట్టూ పంచుకుంటుంది. తొడుగు మీదుగా వెళ్లే చోట మాత్రం కుట్టకుండా వదులుగా ఉంచండి, లేకపోతే పైపు లోపలికి దూరదు. ఆ వదులు భాగంలోకి డీ రింగు ఎక్కించి, తొడుగుకు రెండు పక్కలా నలుచదరంగా కుట్టు వేసి, ఆ చదరంలో మూల నుంచి మూలకు గుణకారపు గుర్తులా కుట్టించండి. సీట్ల షాపులో చేయించవలసింది ఈ పనే.

జేబు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చొక్కా జేబులా కింది నవారుకు దిగువన కుట్టండి, పైన ఒక మూత ఉంటే చాలు. మూడు బంతులు, బంతిని ఎత్తి నిలబెట్టే టీ పుల్లలు నాలుగు పడతాయి. బంతి ఒక్కొక్కటి 46 గ్రాముల లోపే. నీళ్ల సీసాకు జేబు పెట్టాలనే ఆశ వద్దు. లీటరు నీళ్లంటే కిలో బరువు, అంటే రెండు సంచులకు మించిన బరువు. సీసాకు తాడు కట్టి రెండో భుజానికి తగిలించుకోండి.

ఇప్పుడు గొట్టం మూయండి. పొడుగు అంచులు రెండూ ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరుసలు కుట్టండి. చుట్టుకొలత 36 సెంటీమీటర్లు వస్తుంది. లోపలి వైపు బయటికి తిప్పి, అడుగు గుండ్రాన్ని ముందు గుండుసూదులతో నాలుగు చోట్ల పట్టించి, ఆ తర్వాతే మిషను మీద తిప్పండి. మళ్లీ మామూలుగా తిప్పి, పాత పెయింటు బకెట్టు మూతలోంచి 11 సెంటీమీటర్ల బిళ్ల కోసి లోపల అడుగున వేయండి. దాని మీద అరిగిన హవాయి చెప్పు అట్టలోంచి కోసిన ముక్కలు పరిస్తే, కర్ర దించినప్పుడు పట్టు కొస దెబ్బతినదు. అడుగు బయటి వైపు లారీ ట్యూబు ముక్కను గుండ్రంగా కోసి అంటించి, చుట్టూ చేత్తో కుట్టండి. సంచిలో ముందుగా అరిగేది అడుగే. చివరగా ఊదుబత్తితో గుడ్డకు, కాల్చిన మేకుతో బిళ్లకు, రబ్బరుకు ఒకే వరుసలో రెండు చిల్లులు పెట్టండి. వాన నీరు నిలిస్తే పట్టులు బూజు పడతాయి.

మూతి చక్రాన్ని మిషను మీద కుట్టలేరు. గుడ్డను చక్రం మీదుగా లోపలికి మడిచి, గోనె సంచులు కుట్టే దబ్బనంతో, వలలు అల్లే నైలాన్ దారంతో చక్రం కింది అంచు వెంబడి చేత్తో కుట్టండి. ఒక సాయంత్రం పడుతుంది. దబ్బనం తొడుగు మధ్యలోంచి దిగకుండా పక్కకు తప్పించండి. దారానికి కొవ్వొత్తి మైనం రుద్దితే సాఫీగా దిగుతుంది. చక్రానికి అడ్డంగా నవారు ముక్క ఒకటి బిగిస్తే మూతి రెండు గదులవుతుంది, వుడ్డు, పట్టర్ ఒక వైపు, ఐరన్లు ఇంకో వైపు. మీ కర్రల కాడలు గ్రాఫైటువి అయితే మూతి అంచు చుట్టూ సైకిల్ ట్యూబును చీల్చి తొడగండి. నడిచే ప్రతి అడుగుకూ కాడ ఆ అంచుకు రాసుకుంటుంది, రోజులు గడిస్తే పూత లేచిపోతుంది.

నడుమ గుడ్డ ముడుచుకుని కర్ర దిగేటప్పుడు అడ్డుపడుతుంటే, రొయ్యల పెట్టెలకు బిగించే ప్యాకింగు పట్టీని రెండు చుట్లు చుట్టి, కింది నవారు ఎత్తున లోపలి వైపు ఆరు చోట్ల టాకా వేయండి. ఇది మడతకు అడ్డం రాదు.

పైపును తొడుగు కుట్టాకే కోయండి. తొడుగు లోపలి పొడవు కొలిచి, కప్లర్‌తో కలిపిన పైపు అంతకంటే అర సెంటీమీటరు ఎక్కువ వచ్చేలా రెండు సమాన ముక్కలు చేయండి. ఆ అర సెంటీమీటరే గుడ్డను మద్దెల చర్మంలా బిగిస్తుంది. కప్లర్‌ను ఒక ముక్కకు మాత్రమే గమ్ముతో అతికించండి. రెండోది పొడిగా దూరి రావాలి. ఉత్సాహంలో నేను రెండూ అతికించి, మళ్లీ పైపు కొన్నాను.

భుజం పట్టీకి మిగిలిన నవారు మీటరు ముప్పై సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒక కొస పై రింగుకు, రెండోది బకిల్ ద్వారా కింది రింగుకు. సంచిని భుజానికి తగిలించినప్పుడు పైపు పై వైపున దూలంలా ఉండాలి, కర్రలు దాని కింద వేలాడాలి. అలా లేకపోతే రింగులు తప్పు పక్కన పడ్డాయన్నమాట.

ఆడడానికి పట్టుకెళ్లే ముందు ఒక రాత్రి పరీక్ష పెట్టండి. ఆరు కర్రలు, సంచి కలిపి మూడు కిలోలు దాటకపోవచ్చు. అయినా సంచిలో ఆరు కిలోల బియ్యం మూట కట్టి పెట్టి, పట్టీతో తలుపు కొక్కేనికి వేలాడదీయండి. పొద్దున్నే రింగుల దగ్గర కుట్లు చూడండి. దారం చుట్టూ రంధ్రం సాగినట్టు కనిపిస్తే, ఆ చోట లోపలి వైపు ఇంకో గుడ్డ ముక్క వేసి మళ్లీ కుట్టించాలి.

మడిచేటప్పుడు బొందు విప్పి, పైపు లాగి, రెండు ముక్కలు చేసి పక్కన పెట్టండి. మూతి చక్రాన్ని అరచేత్తో పట్టుకుని తిన్నగా అడుగు మీదకు నొక్కితే, గుడ్డ కాగితపు లాంతరులా లోపలికి సర్దుకుంటుంది. భుజం పట్టీని చుట్టూ రెండుసార్లు తిప్పి బిగించండి. తడిసి ఉంటే మాత్రం ఆ రాత్రికి మడవకండి. మూతి కిందికి వచ్చేలా దండెం మీద, నీడపట్టున వేలాడదీసి, అడుగున చెప్పు ముక్కలను తీసి విడిగా ఆరబెట్టండి. వాసన పట్టేది ముందు అవే.